టెంకాయ లేచిన జిల్లా

మా వైపు వాన పడిన ఏడాదికి పేరు పెట్టుకుంటాం, పుట్టిన బిడ్డకు పెట్టినట్టు. అనుకుని పెట్టుకున్న పేర్లలో సగం ఇంకా వాడకుండానే మిగిలి ఉన్నాయి. మా బొమ్మరాయిపల్లె కప్పలకు ఈత రాదు. ఒకసారి మా దొడ్లో తొట్టిలో ఒక కప్ప పడి మునిగిపోతుంటే నేనే చేయి అందించి పైకి లాగాను. ఆ తర్వాత అది నీళ్ళంటే హడలిపోయి మా పొయ్యి పక్కన కాపురం పెట్టింది. ముసలిదై పోయేదాకా అక్కడే ఉంది.

అట్లాంటి ఊరికి వరద వచ్చింది. వచ్చిందని ప్రభుత్వమే చెప్పింది కాబట్టి వచ్చినట్టే లెక్క. ఆ వరదను తెచ్చింది ఏ మేఘమూ కాదు, ఏ నదీ కాదు. నా చేతిలోని టెంకాయ.

నా పేరు పెన్నోబిలేసు. చదువుకోలేదు. నేను బడికి పోయిన రోజు పంతులు రాలేదు, పంతులు వచ్చిన రోజు నేను పోలేదు. అట్లా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే మర్యాదగా విడిపోయాం. నా పని నీళ్ళు చూడటం. బోరు వేయించాలనుకున్న రైతు కబురు పెడితే, తెల్లారగానే పరగడుపున, చెప్పులు లేకుండా, పిలక ఉన్న టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాను. భూమి కింద నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుతుంది. లేని చోట పడుకునే ఉంటుంది. అక్కడ బోరు వేస్తే నీళ్ళు పడ్డాయా, అది నా చేతి చలవ. పడలేదా, అది రైతు జాతకం. ఈ ఏర్పాటు మీద మా చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ ఎవరికీ తగాదా లేదు.

ఒక్క మా అక్క వన్నూరమ్మకు తప్ప.

అక్కకు ఊరికి పడమర చీనీ తోట ఉంది, మీ వైపు బత్తాయి అంటారే అది. బావ చనిపోయిన ఏడాదే మొక్కలు నాటింది. ఊళ్ళో వాళ్ళు వేరుశనగ వేసుకోమన్నారు, అమ్ముకోమన్నారు, ఏమేమో అన్నారు. ఆమె ఎవరి మాటా వినకుండా ఒక్కో మొక్కకు పేరు పెట్టి, తిట్టి, బుజ్జగించి పెంచింది. చెట్లు మొదటిసారి కొమ్మ కొమ్మకూ పిందె పట్టిన ఏడాదే పాత బోరు నీళ్ళు మానేసి గాలి కక్కడం మొదలుపెట్టింది. చీనీ చెట్టు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక్క ఎండాకాలం గొంతు తడవకపోతే ఇంక అది తిరుక్కోదు. ఇన్నేళ్ళ పెంపకం పొయ్యిలోకి కట్టెలై పోతుంది. ఎండలు ముదిరేలోగా కొత్త బోరు పడాలి. అక్కకు ఉన్న బాధ అదొక్కటే.

నా టెంకాయ మీద ఆమెకు నమ్మకం లేదు. కానీ ఎవరో ఒకరు నీళ్ళు చూడకుండా బోరు బండివాడు రాడ్డు దించడు కాబట్టి నన్ను పిలవక తప్పలేదు. నా కాయ తూర్పు గట్టు దగ్గర, మోటారు కొట్టానికి చాలా దూరంగా లేచింది. అక్క మూతి ముడిచింది.

"నీ టెంకాయకు కరెంటు స్తంభం యాడుందో తెలీదేమిరా. అంతదూరం తీగ ఎవురు లాగల్ల?"

దానికి టెంకాయ ఏం చేస్తుంది, నీళ్ళు చూడమంటే చూసింది, తీగలు చూడమని ఎవరూ చెప్పలేదు కదా అని నేను సర్దిచెప్పాను. బోరు బండి వచ్చింది. దాని యజమాని సెంగోడన్ అనే అరవాయన. బండితో పాటు ఊళ్ళు తిరిగి తిరిగి, ప్రతి ఊరి భాషలోనూ "ఇంకా కిందికి పోదామా" అనే ఒక్క మాట నేర్చుకున్నవాడు. ఆయన బండి కాళ్ళు భూమిలో ఆనించి టెంకాయ కొట్టబోతుండగా జీపు వచ్చి ఆగింది.

జీపులోంచి దిగినవారు విరూపాక్షరావు గారు. భూగర్భ జలాన్వేషణ క్రమబద్ధీకరణ విభాగానికి సహాయ సంచాలకులు. ఆ విభాగం పుట్టి అప్పటికి ఒక అమావాస్య కూడా కాలేదు. అది పుట్టిన విధం తర్వాత తెలిసింది. రాజధానిలో ఒక చాలా పెద్ద అధికారి తన బంగళా తోటలో టెంకాయతో నీళ్ళు చూపించుకుని బోరు వేయిస్తే దుమ్ము లేచిందట. అంత పెద్దాయన తప్పు చేయడు కదా. ఆయన జాతకం కూడా తప్పు చేయదు. భూమి ప్రభుత్వానిది, కాబట్టి భూమిని అనడానికీ లేదు. ఇంక మిగిలింది టెంకాయ. రాష్ట్రంలో టెంకాయల మీద ఎవరి అదుపూ లేదని అప్పుడు బయటపడింది.

విరూపాక్షరావు గారు గొంతు సవరించుకుని నాకు చట్టం వినిపించారు.

"ప్రైవేటు వ్యక్తులు అనధికార టెంకాయల సహాయమున భూగర్భములోనికి తొంగిచూచుట నేటి నుండి నిషిద్ధము. ఇకపై ధ్రువీకృత హస్తమునందు ధ్రువీకృత ఫలము నిలబడిన చోటనే బోరునకు అనుమతి."

నా టెంకాయను జప్తు చేశారు. ఊరి పెద్దలిద్దరి ముందు పంచనామా రాసి, గుడ్డలో మూటకట్టి, లక్క ముద్ర వేసి జీపు వెనుక సీట్లో కూర్చోబెట్టారు. మర్నాడు ఆ ఆఫీసులో చట్నీ వాసన వచ్చిందని గిట్టనివాళ్ళు అన్నారు. నేను ఎవరి మీదా అట్లాంటి మాట అనను. చట్నీలో అల్లం ఎక్కువైందని మాత్రం విన్నాను.

అక్క మరుసటి రోజే నన్ను వెంటబెట్టుకుని పట్నంలో ఆఫీసుకు పోయింది. అర్జీ ఇచ్చి, తన చెట్లు ఆకు ముడుస్తున్నాయనీ, ఎట్లాగైనా త్వరగా చూడమనీ చెప్పుకుంది. విరూపాక్షరావు గారు చాలా దయగా విన్నారు. ఫలములు టెండరు దశలో ఉన్నాయనీ, హస్తముల నియామకం జరుగుతోందనీ, ఈ రెండూ కలిసిన వెంటనే మొట్టమొదట ఆమె తోటకే వస్తామనీ మాట ఇచ్చారు. ఇంత మంచి మనిషిని తిట్టుకోవడానికి కూడా అక్కకు వీలు దొరకలేదు. బయటికి వచ్చి ఆ తిట్లన్నీ నన్ను తిట్టింది. తిట్టడం అయ్యాక నా భుజం మీద చేయి వేసింది.

"నువ్వు పోయి దాంట్లో చేరు నాయనా. లోపల మనోడొకడుంటే పని అవుతాది."

చేరడం తేలికగా జరగలేదు. ముందు రక్తం తీశారు. ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాడి చేతిలోనే కాయ లేస్తుందని మా వైపు ఒక మాట ఉంది. ఆ మాటను విభాగం వాళ్ళు విని, శాస్త్రం అని రాసుకున్నారు. నా రక్తం సరిపోయింది. తర్వాత మేస్త్రీలు గోడలు కట్టేటప్పుడు వాడే రసమట్టం తెచ్చి నా అరచేతిలో పెట్టారు. నా చేయి ఉత్తరానికి కొంచెం వాలి ఉందని తేలింది. దీని మీద లోపల పెద్ద చర్చ నడిచింది. ఉత్తరాన ఉన్న నీళ్ళకు ఈ చేయి పక్షపాతం చూపిస్తుందేమోనని ఒకరికి అనుమానం. చివరికి, నేను ఎప్పుడూ దక్షిణం ముఖంగా నడవాలనే షరతు మీద సహాయ హస్త నిపుణుడిగా తీసుకున్నారు. మనిషిగా కాదు. ఉద్యోగం నా కుడి చేతికి. మిగతా నేను దానికి తోడు వచ్చినట్టు లెక్క. అందుకే ఆఫీసులో టీ ఇచ్చినప్పుడు కుడి చేతికే ఇచ్చేవాళ్ళు.

టెంకాయల లారీ వచ్చింది. చూడ ముచ్చటైన కాయలు, ఒక్కొక్కటీ చిన్న బిడ్డ తలంత. నేను ఒకటి చేతిలోకి తీసుకోబోతే విరూపాక్షరావు గారు ఆపారు. ఇంకా ధ్రువీకరణ కాలేదన్నారు. ధ్రువీకరణ అంటే ఏమిటో నాకు ఓపికగా విడమరిచి చెప్పారు.

"తనలో నీరు లేని ఫలము పరుల నీటిని ఎట్లు గుర్తించగలదు? కావున ప్రతి ఫలమునందు నీరు ఉన్నదని ముందుగా రూఢి పరచవలెను."

మాట సబబుగానే ఉంది. ఎట్లా రూఢి చేస్తారో చూద్దామని నిలబడ్డాను. ఒక అటెండరు కొడవలి తెచ్చి, కాయను ఠప్పున పగలగొట్టి, నీళ్ళను గాజు గ్లాసులోకి ఒంపాడు. ఒకాయన గ్లాసు వెలుగుకు ఎత్తి చూసి తల ఊపాడు. ఇంకొకాయన రెండు చిప్పల మీదా ప్రభుత్వ ముద్ర గుద్దాడు. నీళ్ళు ఎవరో తాగేశారు. ఇట్లా లారీ మొత్తం అయిపోయింది.

పగిలిన చిప్ప లేచి నిలబడదని నేను మెల్లగా మనవి చేసుకున్నాను. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే చాలు, నీళ్ళున్నదీ లేనిదీ మా ఊళ్ళో ముసలమ్మలు కూడా చెబుతారని అన్నాను. విరూపాక్షరావు గారు నవ్వారు.

"చెవి అనునది ప్రభుత్వ పరికరము కాదు, పెన్నోబిలేసూ. పగలని ఫలమునకు ధ్రువీకరణ లేదు. ధ్రువీకరణ లేని ఫలముతో చూచుట నేరము."

సరే. ఇచ్చిన మాట ప్రకారం మొట్టమొదట అక్క తోటకే వచ్చాం. జీపులు, గొడుగులు, కుర్చీలు, ఒక ఫోటో ఆయన. ముద్ర ఉన్న చిప్పను నా అరచేతిలో పెట్టారు. చిప్ప సంగతి మీకు తెలుసు. పడుకోదు, పొర్లదు, గిన్నె మాదిరి ముడ్డి ఆనించి కూర్చుంటుంది. విరూపాక్షరావు గారు వంగి చూసి, లేచిందా అని అడిగారు. లేవలేదు సార్, కూర్చుంది అన్నాను. ఆయన ఉత్తర్వుల కట్ట తెరిచి చదివారు. పడుకొనని ఫలమును లేచినట్లుగా భావించవలెను అని అందులో ఉంది.

అట్లా అక్క తోటలో మొదటి అడుగులోనే కాయ లేచింది. రెండో అడుగులోనూ లేచింది. గట్టు మీద లేచింది, బండ మీద లేచింది, పాత బోరు గాలి కక్కే చోట కూడా లేచింది. అధికారులందరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపుకున్నారు. ఇంత నీరు ఇన్నాళ్ళూ బయటపడకపోవడానికి అనధికార టెంకాయలే కారణమని తేల్చారు. సెంగోడన్ నమ్మలేక నన్ను తన బోరు బండి పైకి ఎక్కించి చూడమని సైగ చేశాడు. అక్కడా లేచింది. ఆయన బండి దిగి, చక్రాల కింద నీళ్ళు ఏమన్నా ఉన్నాయేమోనని వంగి వెతుక్కున్నాడు.

అక్క అందరికీ మజ్జిగ ఇచ్చి, ఇంక అనుమతి రాసిచ్చేయమంది. దొరికిన చోటల్లా లేచింది కదా, ఏదో ఒక చోట వేసుకుంటానంది. విరూపాక్షరావు గారు మజ్జిగ తాగి, అట్లా కుదరదన్నారు. ఒక్క తోటలో లేచినంత మాత్రాన ఇవ్వడానికి లేదట. సమగ్ర సర్వే పూర్తయి, జిల్లా మొత్తంలో ఎక్కడ లేచింది, ఎక్కడ లేవలేదు అనే పటం తయారైతే గానీ ఎవరికీ అనుమతి రాదట.

అప్పుడు నా చేతికి కష్టకాలం మొదలైంది. జీపు కిటికీలోంచి చిప్పతో చేయి బయటపెట్టి జిల్లా అంతా తిరిగాను. జీపు పోయిన చోటల్లా కాయ లేచే ఉంది. రాళ్ళగుట్టల్లో లేచింది, బస్టాండులో లేచింది, తహసీల్దారు కుర్చీ వెనక లేచింది. దక్షిణం ముఖంగానే పోవాలనే షరతు వల్ల, ఉత్తరాన ఉన్న ఊళ్ళకు జీపును వెనక్కి నడిపించుకుంటూ పోయాం. ఒక ఊళ్ళో ముసలాయన ఎవరో నా చిప్పలో చిల్లర వేసి దండం పెట్టాడు. దాన్ని కూడా ఒకాయన జలసంపద కింద రాసుకున్నాడు.

ఇంటికి వచ్చినప్పుడల్లా తోటకు పోయేవాడిని. అక్క బిందెలతో నీళ్ళు మోసి ఒక్కో పాదులో ఒక్కో చెంబు పోస్తూ ఉండేది. పిందెలు రాలడం మొదలైంది. రాలిన పిందెలను ఆమె చీపురుతో ఊడ్చేది కాదు, కొంగులోకి ఏరుకునేది. ఏరి ఏం చేసేదో నేను అడగలేదు. నన్ను తిట్టడం కూడా మానేసింది. మా అక్క నన్ను తిట్టకపోవడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే మొదటిసారి. నాకు అన్నం సహించలేదు.

పటం తయారైంది. నీళ్ళున్న చోట నీలం రంగు వేయాలి. నీలం రంగు చాలక ఎన్నికల సిరా తెప్పించి వేశారు. జిల్లా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క చుక్క కూడా తెల్లగా మిగల్లేదు. దాన్ని రాజధానికి పంపించారు. అక్కడ పటాలు చూసే విభాగం వేరే. వాళ్ళు దాన్ని చూసి, ఇది జిల్లా కాదు, జలాశయం అన్నారు. దాంట్లో ఇంతమంది జనం ఎందుకు ఉన్నారని ఆరా తీశారు. జలాశయంలో జనం ఉంటే దానికి ప్రభుత్వ భాషలో ఒక్కటే పేరు. వరద.

అంతే, వారం తిరక్కుండా మా జిల్లా ముంపు ప్రాంతమైపోయింది. ముంపు ప్రాంతానికి నీళ్ళ ట్యాంకర్లు పంపడం నవ్వులపాలు కాబట్టి ట్యాంకర్లు ఆగిపోయాయి. అక్క అర్జీకి కూడా జవాబు వచ్చింది. నాకు చదవడం రాదు కాబట్టి విరూపాక్షరావు గారే దాన్ని మాకు చదివి వినిపించారు. తాము కోరిన నీరు ఇప్పటికే తమ భూమియందు సర్వత్రా నిలిచి ఉన్నందున, అదనముగా బోరు అవసరము లేదని తలంచి, తమ అర్జీని సంతోషముతో ముగించడమైనది. జిల్లాలో బోరన్నదే ఎవరూ వేయకూడదని కింద ఇంకో వాక్యం.

అక్క ఆ కాగితాన్ని మడిచి కొంగున కట్టుకుంది. ఆఫీసు మెట్ల మీద కాసేపు కూర్చుంది.

మేము ఊరికి తిరిగి వచ్చేసరికి పడవలు దిగుతున్నాయి. లారీల మీద వచ్చాయి. దుమ్ము లేపుకుంటూ వచ్చి, మా బడి ముందు వరసగా కూర్చున్నాయి. మా ఊళ్ళో పడవను అంతకు ముందు చూసినవాడు లేడు. పెద్ద జాతి గేదెలకు తొట్టి అనుకుని ఒకాయన గడ్డి కూడా వేశాడు. పడవలతో పాటు వరద సహాయ అధికారి గంగాధరం గారు వచ్చారు. గోదావరి వైపు మనిషి. పుట్టింది వరదలో, పెళ్ళి వరదలో, ఉద్యోగమంతా వరదలో. నారింజ రంగు తేలుడు చొక్కా తొడుక్కుని, ఈల మెడలో వేసుకుని, ఎర్రటి ఎండలో చెమటలు కక్కుతూ నిలబడ్డారు. పాపం, వరద కనబడకపోయేసరికి ఆయన చాలా దిగులుపడ్డారు. ఇంకా రాలేదేమో, రాత్రికి వస్తుందేమో అని అందరినీ గుట్ట ఎక్కమని మైకులో చెప్పించారు.

రూలు రూలే. వరద బాధితులకు ఆహార పొట్లాలు పైనుంచి విసరాలట. హెలికాప్టరు రాకపోవడంతో బడి మిద్దె ఎక్కి విసిరారు. పులిహోర బాగానే ఉంది. ముంపు ప్రాంతంలో కాలినడక ప్రమాదం కాబట్టి చేనికి పోయేవాళ్ళు పడవలోనే పోవాలన్నారు. పడవకు ఎద్దులను కట్టి లాగించుకుంటూ పోయాం. ఎద్దులు మునిగిపోవా అని ఎవరూ అడగలేదు. చేపల వాళ్ళు వచ్చి ఇంటింటికీ చేప పిల్లలు పంచి, ఎక్కడైనా వదిలి పెంచుకోమన్నారు. మా వాళ్ళు వాటిని నూనెలో వదిలారు.

రోడ్డు మీద పడవలు తప్ప ఏ బండీ తిరగకూడదు కాబట్టి సెంగోడన్ బోరు బండి మా ఊళ్ళోనే చిక్కుకుపోయింది. ఆయన దాని నీడన కూర్చుని పులిహోర తింటూ, వాళ్ళ ఊరికి సముద్రం మీద పోవడమేనా ఇంక అని తన అరవంలో దిగులుగా అడిగేవాడు.

ఒకరోజు గంగాధరం గారు బడి అరుగు మీద కూర్చుని ఉన్నారు. పక్కన విరూపాక్షరావు గారు. వరద ఎక్కడ అని రాజధాని నుంచి ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని ఇద్దరికీ లోపల బెంగ. అప్పుడు వచ్చింది మా అక్క. ఈ మాటు నీళ్ళు అడగలేదు. అరుగు కింద మట్టిలో కూర్చుని తల మీద చేతులు పెట్టుకుంది.

"సార్, నా తోట మునిగిపాయ. చెట్లన్నీ నీళ్ళల్లో నాని కుళ్ళిపోతాండాయి. ఆ నీళ్ళు తోడిపారెయ్యండి సార్, మీకు పుణ్యముంటాది."

గంగాధరం గారు లేచి నిలబడ్డారు. వచ్చినప్పటి నుంచి ఒక్క బాధితుడి కోసం ఎదురుచూస్తున్న మనిషి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా జిల్లాలో ఆ ఏడాది బయటపడిన మొదటి నీళ్ళు అవే.

"మునిగిపోయేరా అమ్మా? ఎంత లోతుందండి?"

అక్క లేచి, చెయ్యి గొంతు దగ్గర అడ్డం పెట్టి చూపించింది.

విరూపాక్షరావు గారు నోరు తెరిచారు. ఆమె చీర అంచు ఎండి దుమ్ము కొట్టుకుని ఉంది. అది ఆయనకూ కనబడుతోంది. కానీ ఆ తోటలో అడుగడుగునా కాయ లేచిందని సంతకం పెట్టింది ఆయనే. బాధితురాలి వాంగ్మూలము పటముతో సరిపోవుచున్నది అన్నారు.

ఇంక పని ఆగలేదు. వరద కంటికి కనబడటం లేదంటే అది ఇంకా కిందే ఉందనీ, పైకి రాకముందే తోడేయడం ఉత్తమమనీ గంగాధరం గారు తేల్చారు. తోడాలంటే భూమికి కన్నం పెట్టాలి. బోరు నిషేధం కాబట్టి అది బోరు కాకూడదు. ఇద్దరూ కూర్చుని దానికి వరద విమోచన రంధ్రం అని పేరు పెట్టారు. ఖర్చు మొత్తం సర్కారుదే, బాధితుల దగ్గర తీసుకోకూడదు కాబట్టి. సెంగోడన్‌ను పిలిపించారు. ఆయన విషయమంతా విని అర్థం చేసుకోవడానికి చాలా కష్టపడ్డాడు, చివరికి ఇది బోరే కదా అని తన అరవంలో అడిగాడు.

"బోరు దానే సార్?"

"కాదు" అన్నారు విరూపాక్షరావు గారు.

తోటలో రంధ్రం ఎక్కడ పెట్టాలనే మాట వచ్చింది. హస్త నిపుణుడిని నేను ఉన్నాను కదా అని ముందుకు వచ్చాను. గంగాధరం గారు ఒప్పుకోలేదు. వరదలో టెంకాయ ఎక్కడైనా తేలుతుందండి, దాన్ని నమ్మకూడదు, లోతు ఎక్కడుందో మునిగినవాళ్ళనే అడగాలి అన్నారు. అక్క చకచకా నడిచి, మోటారు కొట్టం పక్కన, కరెంటు స్తంభానికి ఆనుకుని నిలబడింది. ఇక్కడే సార్ లోతు, అడుగు పెడితే తేలనంత లోతు అంది. నా కాయ లేచింది తూర్పు గట్టు దగ్గర కదా అక్కా అని నేను చెవిలో గొణిగాను.

"నోరు ముయ్ రా. నువ్వూ మునిగిపోయినావు ఇప్పుడు."

రాడ్డు దిగింది. మొదట ఎర్రమట్టి, తర్వాత తెల్లటి దుమ్ము. దుమ్ము మేఘంలా లేచి అందరి మీదా పడింది. తేలుడు చొక్కాలు వేసుకున్న అధికారులు పిండిలో పొర్లించిన వడల్లా అయ్యారు. ఇంకో రాడ్డు తగిలించారు. మళ్ళీ దుమ్ము. రాయి తగిలి బండి గజగజ ఊగింది. సెంగోడన్ ముఖం ముడుచుకుని, ఇంకా కిందికి పోదామా అని తనకు వచ్చిన ఒక్క మాట అడిగాడు. అక్క తల ఊపింది. ఆమె చేయి పక్కనున్న చీనీ కొమ్మను పట్టుకుని ఉంది. ఆ కొమ్మకు ఆకులు చుట్టుకుపోయి సన్నటి బీడీల్లా ఉన్నాయి. నేను మాత్రం గట్టు వైపు చూడకుండా నా కుడి చేతిని వెనక దాచుకున్నాను. రాడ్డు మీద రాడ్డు దిగుతూనే ఉంది. 

ముందు దుమ్ము రంగు మారింది. తర్వాత అది తడిసి ముద్దలుగా పడింది. తర్వాత భూమి ఒకసారి దగ్గినట్టయింది. కొట్టం కప్పు మీదికి ఎగజిమ్మాయి నీళ్ళు. అబద్ధం చెబితే మీరు పట్టేస్తారు కాబట్టి నిజమే చెబుతాను: ఆ నీళ్ళు పైకి పోయి, అక్కడ ఎగురుతున్న ఒక గద్దను కడిగి తెల్లగా చేశాయి. మా ఊరి వాళ్ళు ఇప్పటికీ దాన్ని కొంగ అనుకుంటున్నారు.

గంగాధరం గారు ఈల ఊది, వరద వచ్చేసిందండి, ఎక్కండి ఎక్కండి అని అందరినీ పడవలోకి తోశారు. ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది. విరూపాక్షరావు గారు మాత్రం పడవ ఎక్కలేదు. నీళ్ళు మీద పడుతుంటే అట్లాగే నిలబడిపోయారు. ఆయన విభాగంలో ఎవరూ అప్పటిదాకా నీళ్ళు చూడలేదు.

"ఇది ఎచట నుండి వచ్చినది?" అని నన్ను అడిగారు.

నాకేం తెలుసు. నా చేయి ఉత్తరానికి వాలింది కాబట్టి కాయ అటు లేచింది గానీ, నిజానికి అది చూపించింది ఇటేనని చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతున్నాను.

వరద నీటిని ఎక్కడికి పంపాలనే చిక్కు మిగిలింది. ముంపు లేని చోటికి మళ్ళించాలని రూలు. జిల్లాలో ముంపు లేని చోటు పటంలో ఒక్కటీ లేదు. అధికారులిద్దరూ పటాన్ని పడవలో పరచుకుని చాలాసేపు వెతికారు. అప్పుడు అక్క పడవ అంచు పట్టుకుని నిలబడి, వాళ్ళ మీద జాలిపడి చెప్పింది.

"పోనీలే సార్, నా చెట్ల పాదుల్లోకే వదలండి. ఎట్లా మునిగినోళ్ళమే. ఇంగొంచెం మునిగితే ఏమైతాది."

ప్రజల నుంచి ఇంత త్యాగం తన ఉద్యోగంలో ఎప్పుడూ చూడలేదని గంగాధరం గారు అక్కకు చేతులెత్తి మొక్కారు. ఆమెకు శాలువా కూడా కప్పారు. కాలువ తీసి నీళ్ళు వదిలితే మొదటి పాదు గటగటా తాగిన చప్పుడు నేను విన్నాను. అక్క శాలువా నడుముకు చుట్టుకుని, పార పట్టుకుని, ఒక్కో చెట్టు దగ్గర వంగి మళ్ళీ పాత తిట్లు మొదలుపెట్టింది. మధ్యలో నన్ను కూడా తిట్టింది. నాకు ఆకలి వేసింది.

ఆ మాట ఊరూరా పాకింది. జనం మునిగిపోవడానికి బారులు తీరారు. నా నడుము దాకా ఉందంటే నా నెత్తి దాకా ఉందని పోటీలు పడ్డారు. సెంగోడన్‌కు ఊళ్ళన్నీ తిరగడానికి సరిపోయింది. బండి మీద తెడ్డు ఒకటి కట్టుకున్నాడు కాబట్టి రోడ్డు మీద ఎవరూ ఆపలేదు. కొన్ని చోట్ల నీళ్ళు పడ్డాయి, కొన్ని చోట్ల దుమ్ము లేచింది. దుమ్ము లేచిన చోట వరద పూర్తిగా అదుపులోకి వచ్చిందని రాసుకున్నారు. గంగాధరం గారికి పతకం వచ్చింది.

ఒక్కటే షరతు ఉంది. వరద తగ్గిపోయిందని బాధితులు చెప్పిన రోజున రంధ్రం పూడ్చేయాలి. అందుకని విరూపాక్షరావు గారు అప్పుడప్పుడూ జీపులో తోటకు వస్తారు. పోయినసారి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చీనీ కాయల బరువుకు కొమ్మలు నేలకు ఆనుతున్నాయి. అక్క చెట్టు కింద కూర్చుని కాయ ఒలుస్తోంది. ఆయన జీపు దిగకుండానే, వరద తగ్గినదా అమ్మా అని అడిగారు.

అక్క ఒక తొన నోట్లో వేసుకుని, గింజ ఊసి, తోట చుట్టూ ఒకసారి చూసింది.

"యాడ తగ్గింది సార్. ఇంకా మోకాలిదాకా ఉండాది. చూసుకోని దిగండి."

ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. ప్యాంటు మోకాళ్ళ పైదాకా మడిచారు. జీపు మెట్టు పట్టుకుని, కాలితో లోతు చూసుకుంటూ, దుమ్ములోకి జాగ్రత్తగా దిగారు.